తొమ్మిదో నంబరు పెరట్లో గోతులు

మా వీధిలో తొమ్మిదో నంబరు ఇంటి పెరడంటే అందరికీ హడల్. చీకటి పడ్డాక కుక్కను కూడా అటు తిప్పేవాళ్లు కాదు. ఈ కథ ఆ పక్కింటి డెస్మండ్ పబ్బులో నాకు చెప్పింది. అప్పటికి రెండో గ్లాసు దాటలేదు, కాబట్టి నమ్మొచ్చు.

ఆ ఇంటాయన నార్మన్ పోయి నెల తిరక్కుండానే మొదలైంది. ఆయన ప్రాణంలా పెంచిన పచ్చికలో, పొద్దున లేచేసరికి గోతులు... ఒకటి కాదు, పది. బతికుండగా ఆ పచ్చిక మీద పడ్డ పిల్లల బంతి ఒక్కటీ తిరిగివ్వలేదు. దాచిన బంతుల కోసం వచ్చి వెతుక్కుంటున్నాడని వీధి వీధంతా తేల్చేసింది.

ఆయన భార్య మ్యూరియల్ భయం వేరు. నార్మన్ చితాభస్మాన్ని అక్కడే, గులాబీ మొక్క కింద పాతిపెట్టింది. గోతులేమో రోజుకో అడుగు చొప్పున ఆ మొక్క వైపే వస్తున్నాయి. ఆమెకు నిద్రెలా పడుతుంది?

ఒక రాత్రి డెస్మండ్‌ను తోడు పిలిచింది. ఇద్దరూ వంటింట్లో దీపం ఆర్పి కూర్చున్నారు.

పన్నెండు దాటింది... కంచె కింద ఏదో కదిలింది. తర్వాత మూలుగు — ఆయాసపడుతున్న ముసలి మూలుగు...

"ఆయనే," అంది మ్యూరియల్ గుసగుసగా. "మెట్లెక్కేటప్పుడు ఇలాగే మూలిగేవాడు."

డెస్మండ్ టార్చి వేశాడు.

తెల్లటి మొహం... దాని మీద నిలువునా రెండు నల్ల చారలు... వెనక ఇంకో రెండు మొహాలు.

బ్యాడ్జర్లు, రాత్రిళ్లు తిరిగే బొరియ జంతువులు. పురుగుల కోసం నేల తవ్వుతున్నాయి. వెలుగు పడ్డా అంగుళం కదల్లేదు. ఇక్కడి చట్టం ప్రకారం వాటి మీద చెయ్యి చేసుకుంటే మాకు జైలే, ఆ సంగతి వాటికీ తెలిసినట్టుంది.

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు వస్తున్నాయి?" అంది మ్యూరియల్.

డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు. "నార్మన్ రోజూ పెద్ద కప్పు టీ తాగి, చుక్కలు చూసొస్తానని పెరట్లోకి వెళ్లేవాడు కదా?"

"అవును. మబ్బు పట్టినా వెళ్లేవాడు."

"చుక్కలు కాదు మ్యూరియల్... కంచె పొడుగునా ఒంటేలు పోసొచ్చేవాడు. మగాడి వాసన తగిలితే ఇవి రావంటారు. తోటలున్న మగాళ్లం అందరం చేసేదే. ఇంట్లో చెప్పం."



"నలభై ఏళ్లూ ఆయనది కవి హృదయమనుకున్నా," అంది మ్యూరియల్. "సరే, రేపట్నుంచి ఆ పుణ్యం నువ్వు కట్టుకో."

వారం గడిచింది. కొత్తగా ఒక్క గొయ్యి లేదు. మ్యూరియల్ కేకు చేసి పట్టుకెళ్తే డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి.

"కేకు నాకొద్దు. రోజూ వెళ్లి నిలబడ్డాను. గులాబీ మొక్క పక్కనుంటే నార్మన్ చూస్తున్నట్టే ఉంటుంది... ఒక్క రాత్రి కూడా నా వల్ల కాలేదు."

మరి ఎవరు?

ఆ రాత్రి మ్యూరియల్ పెద్ద కప్పు నిండా టీ కలిపి, పెరటి గడప మీద పెట్టి పడుకుంది. పొద్దున్నే డెస్మండ్‌ను పిలిచి చూపించింది. కప్పు ఖాళీ. నక్క తాగుంటుందన్నాడు డెస్మండ్.

కానీ కప్పు శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది.

"నలభై ఏళ్లు మొత్తుకున్నా ఒక్క కప్పు కడగలేదు," అంది మ్యూరియల్ కళ్లు తుడుచుకుంటూ. "చచ్చాక వచ్చింది బుద్ధి."