మోరీ దగ్గర ఎక్కే మనిషి

తార్నాక నుంచి యూనివర్సిటీలోకి పోయే రోడ్డు మీద, రాళ్ళగుట్ట పక్కన ఒక మోరీ వంతెన ఉండేది. వానాకాలం తప్ప దాని కింద నీళ్ళు పారేవి కావు. పైన రోడ్డు మాత్రం ఒంటె మూపులా లేచి ఉండేది. అరవై ఎనిమిదిలో ఆ మోరీకి చెడ్డపేరు వచ్చింది. పొద్దుగూకాక బండి అటు పోతే వెనకాల ఎవరో ఎక్కుతారట... ఒక మగగొంతు నవ్వుతూ ఏడుస్తూ అరుస్తుందట.

హాస్టలు కుర్రాళ్ళు పగలంతా దెయ్యాల్లేవని వాదించేవాళ్ళు. చీకటిపడ్డాక టీ కోసం తార్నాక రావాలంటే మాత్రం గుంపు కట్టేవాళ్ళు. చదువు చదువే, భయం భయమే!

ఈ సంగతి మాకు పక్కింటి కరుణమ్మ పిన్ని చెప్పింది. ఆ మోరీ మీద బండి తోలింది వాళ్ళాయనే — ఏసురత్నం బాబాయి. గుంటూరు వైపు మనిషి. క్యాంపసులో కొత్త హాస్టలు కడుతున్న కంట్రాక్టరు దగ్గర పికప్పు వ్యాను డ్రైవరు.

బండి చిన్నది, బండరాళ్ళు బరువు. ఒక్కో ట్రిప్పులో ఎక్కువ రాళ్ళు వేసుకుంటే పెందలాడే ఇల్లు చేరొచ్చని బాబాయి ఆశ. అంబర్‌పేటలో కమ్మరి వీరస్వామి దగ్గరికి పోయి, వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలకు అదనంగా ఉక్కు పట్టీలు వేయించాడు.

వీరస్వామి పని ముగించి చేతులు తుడుచుకుంటూ ఒక మాటన్నాడు.

"లోడుంటే మంచిగ పోతది. ఖాళీగ ఉంటేనే పరేషాన్. పట్టీలు వంగయి. మిట్ట తగిల్తె ఎనుక ఎగురుతది. ఖాళీ బండ్ల మనుషుల్ని కూసోబెట్టకన్నా."

"సరే సరే" అన్నాడు బాబాయి. ఆయన ధ్యాసంతా లోడు మీదే. ఖాళీ బండి గురించి ఎవడాలోచిస్తాడు?

రాళ్ళు దింపే కూలీల్లో ఉప్పలమ్మ అని ఒకామె ఉండేది. సాయంత్రం పని దిగాక ఖాళీ బండి వెనకెక్కి తార్నాక దాకా వచ్చేది. ఆ రోజు బాబాయి తొందరలో ఉన్నాడు. మోరీ దగ్గర బండి నెమ్మది చెయ్యలేదు. వెనక భాగం దబ్బున ఎగిరి పడింది. తార్నాకలో దిగి చూస్తే — ఉప్పలమ్మ లేదు.

వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మోరీ పక్కన రాళ్ళ మీద పడి ఉంది. అప్పటికే ప్రాణం లేదు.

సూపర్‌వైజరు అడిగాడు, ఎలా పడిందని. బాబాయికి వీరస్వామి మాట గొంతులో అడ్డం పడింది. దాన్ని మింగేసి, ఇంకో మాట కక్కాడు.

"కల్లు వాసన వచ్చిందండీ..."

ఉప్పలమ్మ కల్లు ముట్టదు. అది ఆయనకీ తెలుసు. ఆ ఒక్క మాటతో కేసు లేకుండా పోయింది, ఆమె పరువూ పోయింది. తాగి చచ్చినదానికి దినమేందని అత్త మొండికేసింది. ఆమె కూతురు బయటికొస్తే చాలు, తాగుబోతుదాని బిడ్డ అన్నారు. ఉప్పలమ్మ మొగుడు మొగిలి అదే పనిలో కూలీ. అతను ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు.

బాబాయి చేసిందల్లా ఒక్కటే. మర్నాడే నాలుగు ఇసుక బస్తాలు తెచ్చి బండి వెనక పడేశాడు. ఖాళీగా వచ్చినా ఇక ఎగరదు. ఎవరైనా అడిగితే, పని మీదికి పనికొస్తాయిలే అనేవాడు.

కొన్నాళ్ళకు మొదలైంది.

ఆఖరి ట్రిప్పు దింపి వస్తున్నాడు. మోరీ ముందు బండి నెమ్మదించింది. వెనక తలుపు గొలుసు గలగలమంది... బాడీ కిర్రుమంది... ఎవరో ఎక్కి కూర్చున్నట్టు!

క్యాబినుకు వెనక అద్దం లేదు. తిరిగి చూసే ధైర్యం అంతకన్నా లేదు. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ తోలాడు. తార్నాక మలుపులో మళ్ళీ గొలుసు గలగలమంది. దిగి చూస్తే ఎవరూ లేరు. ఒక బస్తా మీద మాత్రం — మనిషి కూర్చున్న గుంట.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

బాబాయి అన్నం మానేశాడు. నిద్రలో ఉలిక్కిపడి లేచి, "దించవే... ఆమెను దించవే" అనేవాడు. ఎవరినండీ అని పిన్ని అడిగితే దుప్పటి కప్పుకునేవాడు. పాస్టరుగారితో ప్రార్థన చేయిద్దామంటే, "వద్దు. కళ్ళు మూసుకోమంటే భయం నాకు" అన్నాడు.

చివరికి ఒక రాత్రి తెగించాడు. మోరీ ముందు గొలుసు చప్పుడైంది. దాటగానే బ్రేకు తొక్కాడు. టార్చి పట్టుకుని వెనక్కి నడిచాడు.

వెలుగు వేశాడు.

బస్తా మీద ఒక ఆకారం. తల మీద నుంచి గొంగడి. కదల్లేదు...

"ఉప్పలమ్మా... తప్పయిపోయింది" అన్నాడు.

గొంగడి జారింది. మొగిలి!

"నేను సాబు" అన్నాడు మెల్లగా. "రోజు ఎక్కుతున్న. గామె ఎట్ల పడ్డదో చూద్దామని. గామె కూసున్న తావులనే కూసుంటున్న. గొలుసు గూడ పట్టుకుంటలేను."

గొంగడి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పడుతలేను సాబు. ఒక్కసారి గూడ పడలే. అంటే... నువ్వన్నదే నిజమేమో. తాగినట్టే ఉన్నది."

బాబాయి చేతిలో టార్చి కిందికి వాలిపోయింది. ఒక్కసారి తలూపితే చాలు, అంతటితో పీడ వదిలేది. చచ్చినదాని తరఫున ఆఖరి మనిషి కూడా ఓడిపోయి ఎదురుగా కూర్చున్నాడు. ఇక అడిగేవాళ్ళు లేరు.

ఆయన తలూపలేకపోయాడు.

బండి వెనకెక్కాడు. ఒక బస్తా లాగి రోడ్డు పక్కన పడేశాడు. ఇంకోటి. నాలుగూ పడేశాడు. మొగిలి లేచి నిలబడి వింతగా చూస్తున్నాడు.

"ఆ రోజు ఇవి లేవు మొగిలీ. ముందుకొచ్చి కూర్చో. అంతా చెబుతాను."

"చెప్పుడు గాదు సాబు. చూపెట్టు."

"వద్దయ్యా, ప్రమాదం—"

"చూపెట్టు."

బాబాయి వెనక తలుపు గొలుసు లాగి మొగిలి రెండు చేతులకూ చుట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. బండి తిప్పి, మోరీ అవతలి ఎత్తు దాకా పోయి, మళ్ళీ తిప్పాడు. ఆ సాయంత్రం ఎంత వేగంతో వచ్చాడో అంత వేగంతోనే మోరీ మీదికి వదిలాడు.

దబ్బున ఎగిరింది!

బ్రేకు తొక్కి చెవులు రిక్కించాడు. వెనక చడీచప్పుడు లేదు... అయ్యో, ఇతన్ని కూడా చంపేశానా? తలుపు తియ్యబోయాడు.

అప్పుడు వినబడింది. మోరీ అంతా మారుమోగేట్టు, నవ్వో ఏడుపో తెలియకుండా —

"తాగలే! నా ఉప్పలమ్మ తాగలే! ఓ అమ్మా, నీ కోడలు తాగలేదే!"

టీ తాగి వస్తున్న హాస్టలు కుర్రాళ్ళు ఆ కేక విన్నారు. చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తారు. ఆ మోరీకి మగగొంతు దెయ్యం అలా వచ్చింది.

బాబాయి దిగి వెనక్కి వెళ్ళాడు. మొగిలి పెదవి చిట్లింది. గొలుసు ఇంకా చేతులకే ఉంది. బాబాయి అతని కాళ్ళ దగ్గర రోడ్డు మీద కూలబడి అంతా చెప్పేశాడు. పట్టీలు, వీరస్వామి మాట, కల్లు మాట. మొగిలి కొట్టలేదు, తిట్టలేదు.

"గీ మాట మా అమ్మ ముంగట చెప్తవా? నా బిడ్డ ముంగట?"

"చెబుతాను. సూపర్‌వైజరుకీ చెబుతాను. పొద్దున్నే. జైలుకు పంపినా సరే."

లేచి, క్యాబిను తలుపు తీసి పట్టుకున్నాడు. "రా, ముందు కూర్చో. ఇంటి దగ్గర దింపుతాను."

మొగిలి తల అడ్డంగా ఊపాడు. ఉప్పలమ్మ కూర్చునే మూల తడుముకుని, అక్కడే కూర్చున్నాడు.

"గీడనే ఉంట. గామె గూడ ఉన్నదనుకో... గియ్యాల మెల్లగ పోనియ్యి సాబు."