తాతా అని పిలవాలి

ఆ పొద్దున సముద్రం అల లేకుండా పడుకుని ఉంది. పోలినా ఆ నీళ్లలో పోయి మూడు నెలలు. ఏడేళ్ల పిల్ల, శవమైనా దొరకలేదు. మైల తీర్చే విందుకి కన్నతండ్రే సొరచేపను పిలిచి, పట్టి తేవాలి. న్యూ ఐర్లాండ్ దీవిలో ఆ పల్లె ఆచారం అది.

పోలినా తండ్రి లాబిన్ పడవ దింపుతుంటే భార్య జెర్మిన్ వెంటపడింది.

"పిల్ల కనపడకుండానే విందేమిటయ్యా? దాని మీదొట్టు, చేమదుంప ముక్క కూడా ముట్టను!"

"ఏడవనీరా దాన్ని," అన్నాడు లాబిన్ మేనమామ తొమిర్. "సొరని 'తాతా' అనే పిలువు. ఇంకో వరస పెట్టి పిలిచావో, ఆ వరస వాళ్లే వస్తారు. నీ నోటికసలే తాళం లేదు."

"చిన్నప్పట్నుంచీ వింటున్నాలే మామా."

పగడపు దిబ్బ దాటాక లాబిన్ కొబ్బరిచిప్పల గిలకను నీళ్లలో ముంచి ఊపాడు. సొరకి ఒళ్లంతా చెవులే. ముందు నల్లంచు రెక్కల పిల్ల సొరలొచ్చి కుక్కపిల్లల్లా తోసుకున్నాయి. సుత్తితల సొర వచ్చి, ఓరగా చూసి పోయింది. మాకో అనే జాతి సొర రివ్వున దూసుకొచ్చి, పడవను గుద్ది మాయమైంది. పడవ పక్కన వేలాడేసిన తాటి ఉచ్చులో ఒక్కటీ తల పెట్టలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. గాలి లేదు. ఉప్పు వాసన, పచ్చి నీచు వాసన. ఉన్నట్టుండి లాబిన్‌కి దుఃఖం పొంగుకొచ్చింది.

"రావే తల్లీ..."

అనేశాక గానీ తెలియలేదు. నాలుక కరుచుకుని గిలక పైకి తీసేశాడు.

నీళ్లలో గిలక చప్పుడు ఆగలేదు...

అడుగునుంచి పులి సొర పైకొస్తోంది. పసిది. వయసొస్తే మాసిపోయే చారలు దాని ఒంటి మీద ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఏడేళ్ల పిల్లంత పొడుగు. చుట్టూ తిరగలేదు. బెదరలేదు. గౌను తొడుక్కున్నట్టు ఉచ్చులో తనే తల దూర్చింది.

"నాన్నా..."

ఎవరు? చుట్టూ ఎవరూ లేరు... కానీ చెయ్యి ఆగలేదు. ఇరవై ఏళ్ల అలవాటు. దుడ్డుకర్ర లేచింది. సొర కంటి మీదికి తెల్లటి తెర లాక్కుంది, దెబ్బకి కళ్లు మూసుకునే పిల్లలాగే.

ఒక్క దెబ్బ.

ఒడ్డున జనం శంఖం ఊదారు. లాబిన్‌కి అదేం వినపడలేదు. సొరను మామ కాళ్ల దగ్గర పడేసి, ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాడు.

గుమ్మంలో జెర్మిన్ నవ్వుతోంది. మూడు నెలల తర్వాత మొదటిసారి.

"ష్ష్! మెల్లిగా. ఇప్పుడే పడుకుంది. ఆకలని రెండు దుంపలు తింది. తల పగిలిపోతోందే అమ్మా అని ఒకటే ఏడుపు... నాన్న కొట్టాడట. అంత దూరం నుంచి వచ్చిన పిల్లని కొడతారటయ్యా ఎవరైనా?"

లాబిన్ లోపలికి తొంగి చూశాడు. చాప మీద ఎవరూ లేరు. మధ్యలో మాత్రం తడి. పిల్లంత తడి.

మోకాళ్ల మీద కూలబడి చెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"తల్లీ..." అన్నాడు.

చూస్తుండగానే ఆ తడి, అతని చేతి కింద నుంచి తడిక వైపు ఒత్తిగిలింది.