సర్ హ్యామన్ సమాధి, గోడవైపు

మా ఊరి చర్చిలో సర్ హ్యామన్ సమాధికి మంచి పేరు లేదు. ఐదొందల ఏళ్ల నాటి నైటు ఆయన, అంటే రాజుగారి యోధుడు; సమాధి మీద రాతి బొమ్మై, కవచంతో వెల్లకిలా పడుకుని ఉంటాడు. పొద్దు గూకాక ఆ సమాధికీ గోడకీ మధ్య సందులో ఎవరో గోకుతున్న చప్పుడు వస్తుందంటారు... నలభై ఏళ్లుగా చర్చి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఏనాడూ ఆ సందులోకి తొంగి చూడలేదు. భయమే, దాచడమెందుకు?

ఆ డిసెంబరులో మా ఊరి పిల్ల హెస్టర్ నా దగ్గరికొచ్చింది. వాళ్లమ్మ ఉంటున్నది సర్ హ్యామన్ తన వంశం వాళ్లకని రాసిచ్చిన ఇంట్లో. ఆ ఇంటి ధర్మకర్తలు అడ్డం తిరిగారు— ఆయనకి నలుగురూ కొడుకులే, మీ వంశానికి మూలమని మీరు చెప్పే కూతురు ఆలిస్ ఏ కాగితంలోనూ లేదు, రేపటికల్లా రుజువు తెండి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యండి అని.

సమాధి పక్కల పిల్లల బొమ్మలు చెక్కించడం అప్పటి ఆనవాయితీ. కొడుకులు నలుగురూ బయటివైపున్నారు.

"కూతురు గోడవైపుందేమో?" అంది హెస్టర్.

"వద్దమ్మాయ్. ఆ సందులో పిల్లి కూడా పట్టదు."

"నేను పిల్లికన్నా సన్నం, తాతా!"

రాతి మీద కాగితం పరిచి నల్లమైనంతో రుద్దితే బొమ్మ దిగుతుంది. ఆ రెండూ పట్టుకుని సమాధి వైపు వెళ్లింది.

నాలుగింటికే చీకటి పడింది. "ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాను. చెవుడు నాది... జవాబు వినపడలేదు. పిల్ల వెళ్లిపోయిందనుకుని తాళం వేసి, ఇంటికెళ్లి వేడి సూప్ తాగాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత సంగతి తనే చెప్పింది. కోటు రాతికి పట్టేసింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఊపిరి పీలిస్తే ఛాతీకి రాయి ఒత్తుకుంటోంది. టార్చి జారిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది...

అప్పుడు నడుం దగ్గర— గోకుడు.

ఓ చిన్న చెయ్యి ఆమె వేళ్లు పట్టుకుంది. చల్లగా. మైనం ముక్కతో సహా ఆ వేళ్లని కాగితం మీదికి లాగి రుద్దించింది... మెల్లగా, పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు.

ఏడింటికి వాళ్లమ్మ నా తలుపు బాదింది. "బాబాయ్, మా పిల్ల ఇంటికి రాలేదు!"

పరిగెత్తాను. కోటు కత్తిరించి బయటికి లాగాను. చేతిలో కాగితం— గౌను వేసుకున్న ఆడపిల్ల బొమ్మ, కాళ్ల కింద 'ఆలిస్' అని పేరు.

"ఉంది తాతా! ఆలిస్ ఉంది!" ఏడుస్తూనే నవ్వుతోంది.

మర్నాడు ధర్మకర్తలు ముగ్గురూ వచ్చారు. ముగ్గురివీ బానపొట్టలే. సందులో తల కూడా పెట్టలేక, "నువ్వు చూసి చెప్పవయ్యా" అన్నారు నాతో.

లాంతరు పట్టుకుని మొదటిసారి తొంగి చూశాను.

బొమ్మ లేదు. ఎన్నడో దాన్ని ఉలితో చెక్కి తీసేసిన గరుకు మచ్చ. దాని పక్కన రాతి మీద నల్లమైనం అంటిన వేలిముద్రలు— ఐదు, పసిపిల్లవి.

"ఉందండీ," అన్నాను. "ఆలిస్ అక్కడే ఉంది."