నిచ్చెన పట్టుకునే పిల్ల

స్టెల్లా టీచర్ గేటు తీసుకుని వీధిలోకి రావడం తేజస్వి కిటికీలోంచి చూసింది. ఆదివారం, పదకొండు దాటింది. టీచర్ కొంగు నడుముకి దోపుకుని ఉంది. అంటే ఇవాళ ఆవిడ అటక దులపబోతోందన్నమాట. అటక దులపాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన కావాలంటే తేజస్వి వాళ్ళింటికి రావాలి.

తేజస్వి చెప్పులు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడింది.

టీచర్ తేజస్వి వాళ్ళ గేటు దాటి వెళ్ళిపోయింది. పక్కింటి ముందు ఆగి, "ఆయేషా, మీ నిచ్చెన ఒక గంట ఇస్తారా అమ్మా?" అని అడిగింది.

తేజస్వి చెప్పులు విప్పేసింది. ఒకటి మంచం కిందికి పోయింది, ఇంకోటి తులసికోట దగ్గర పడింది.

నాయనమ్మ మాణిక్యాంబ బియ్యం ఏరుతూ ఇదంతా గమనించింది. "పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు. నాలుగు రోజులు పోతే వాళ్ళే వస్తారులే" అంది.

"వస్తే రానీ, రాకపోతే మానీ. నాకేంటి?" అంది తేజస్వి. ఆ మాటలోనే తెలుస్తోంది, తనకెంతుందో.

తెనాలిలోని ఆ వీధిలో పదిహేను ఇళ్ళున్నాయి. మొన్నమొన్నటిదాకా నిచ్చెన మాత్రం ఒక్క ఇంట్లోనే ఉండేది. తేజస్వి తాతయ్య ఎప్పుడో రేపల్లెలో వెదురు నిచ్చెన కట్టించి, బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాడు. అప్పటినుంచి ఎవరి బల్బు మాడిపోయినా, ఎవరి కొబ్బరి మట్ట వేలాడినా అందరూ ఆ ఇంటికే వచ్చేవారు.

ఆ నిచ్చెనకి తాతయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. అది ఒంటరిగా ఎవరింటికీ వెళ్ళకూడదు. కింద పట్టుకునే మనిషి దాని వెంట వెళ్ళాలి. మొదట్లో తాతయ్య వెళ్ళేవాడు. తర్వాత నాన్న శేషగిరి వెళ్ళేవాడు. రెండేళ్ళుగా ఆ ఉద్యోగం తేజస్విది.

ఆ ఉద్యోగానికి జీతం లేకపోలేదు. స్టెల్లా టీచర్ ఇంట్లో కేకు ముక్క, ఆయేషా వాళ్ళ నానమ్మ సుల్తాన్ బీ చేతి సేమియా, చివరింట్లో జంతికలు. కానీ తేజస్వికి అసలు ఇష్టమైనది వేరే ఉంది. పైకెక్కినవాళ్ళు కిందికి చూసి, "పట్టుకున్నావా తేజూ?" అని అడిగేవారు. "ఆ, పట్టుకున్నానండి" అని తను చెప్పాకే ఇంకో మెట్టు ఎక్కేవారు. అంత పెద్దవాళ్ళు తన మాట కోసం ఆగేవారు.

పోయిన వారం ఆయేషా వాళ్ళ నాన్న నజీరుద్దీన్ అల్యూమినియం నిచ్చెన కొన్నాడు. ఆయనకి బజార్లో మిక్సీలు రిపేరు చేసే షాపుంది. కొనడానికి వెళ్తూ శేషగిరిని తోడు రమ్మన్నాడు. తేజస్వి, ఆయేషా కూడా వెంట వెళ్ళారు. ఇద్దరూ ఐదో తరగతి, ఒకే బెంచీ.

షాపులో నజీరుద్దీన్ అన్నిటికంటే మెరిసే నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"మెరుపు చూడకండి. ముందు కాళ్ళు చూడాలి" అన్నాడు శేషగిరి. వంగి ఒక్కో కాలికున్న రబ్బరు తొడుగుని నొక్కి చూశాడు. "ఈ రబ్బరు లేకపోతే గచ్చు మీద సర్రున జారిపోద్దండి." చివరికి ఆయనే ఒకటి ఎంచి పెట్టాడు.

షాపతను దాన్ని కత్తెరలా విప్పి నిలబెట్టాడు. "గోడ అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. తనంతట తనే నిలబడుద్ది. ఎత్తు కావాలంటే మాత్రం పూర్తిగా చాపి గోడకి వేసుకోండి" అన్నాడు.

మనిషి అక్కర్లేదు. ఆ ఒక్క మాట తేజస్వి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ దిక్కుమాలిన నిచ్చెనని ఎంచింది కూడా సొంత నాన్నే.

ఆ ఆదివారం నుంచి వారమంతా వీధిలో అందరూ ఆయేషా వాళ్ళ గేటే తట్టారు. ఆయేషా ఎంత తిన్నదో తేజస్వి లెక్కపెట్టలేదు గానీ ఊహించుకుంది. బడిలో ఆయేషా సగం కేకు ముక్క తెచ్చి ఇస్తే, "నాకు పంటి నొప్పి" అంది. పన్ను బాగానే ఉంది. నొప్పి ఇంకెక్కడో ఉంది.

బుధవారం సాయంత్రం హోంవర్కు కోసం తేజస్వి ఆయేషా వాళ్ళింటికి వెళ్ళింది. ఆయేషా మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది. వరండాలో నిచ్చెన అడ్డంగా పడుకుని ఉంది. తేజస్వి ఒక కాలి రబ్బరుని ఊరికే తిప్పి చూసింది. అది కదిలింది. ఇంకాస్త తిప్పింది. ఊడి చేతిలోకి వచ్చేసింది.

ఎవరినీ పడెయ్యాలని కాదు. కొంచెం ఊగితే చాలు. "అబ్బే, వెదురుదే నయం" అని ఎవరో ఒకరు అంటే చాలు. రబ్బరు జామెట్రీ బాక్సులోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. రాత్రి వాన పడి పెరడంతా తడిసింది. శేషగిరి కాఫీ తాగుతూ డాబా పిట్టగోడ కింద పగుల్లో మొలిచిన రావి మొక్కని చూశాడు.

"దాన్ని ఇవాళ తీసెయ్యాలి. వేరు దిగితే గోడ చీలిపోద్ది" అన్నాడు. ఆయనది బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఉద్యోగం. రోజూ రైల్లో వెళ్ళి రావాలి, ఇంటి పనులకి దొరికేది ఆదివారం ఒక్కటే. పైగా శుక్రవారం రైలు దిగుతూ మడమ బెణికించుకున్నాడు.

"వెదురు నిచ్చెన తెస్తా నాన్నా. నేను పట్టుకుంటా" అంది తేజస్వి.

"అది అందదమ్మా. నజీరుద్దీన్ గారిని అడిగాను. ఆయనే తెచ్చి, ఆయనే ఎక్కుతానన్నారు."

తేజస్వి ఇంకేమీ అనకముందే నజీరుద్దీన్, ఆయేషా నిచ్చెనని చెరో కొసా మోసుకుంటూ గేటులోంచి వచ్చారు. మొక్క ఎత్తులో ఉంది కాబట్టి నిచ్చెనని పూర్తిగా చాపి గోడకి వేశారు. తను చూసి కొనిపించిన నిచ్చెనే కదా అని శేషగిరి ఈసారి కాళ్ళ వంక చూడలేదు. నజీరుద్దీన్ కత్తి నడుముకి దోపుకున్నాడు.

"తేజూ, నువ్వొక పక్క పట్టుకో. ఆయేషా ఒక పక్క పట్టుకుంటుంది" అన్నాడు.

తేజస్వి వచ్చి నిలబడిన పక్కనే ఉంది, రబ్బరు లేని కాలు. పాచి పట్టిన గచ్చు మీద ఉత్త లోహం తళతళలాడుతోంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. చెప్తే అందరూ తన వంక ఎలా చూస్తారో కూడా అనుకుంది. అనుకునేలోపు నజీరుద్దీన్ నాలుగు మెట్లు ఎక్కేశాడు.

ఐదో మెట్టు మీద ఆగి కిందికి చూశాడు.

"పట్టుకున్నావా తేజూ?"

ఆ మాట కోసమే పదిహేను రోజులుగా ఏడ్చింది. తీరా వినేసరికి చూపు రబ్బరు లేని కాలి మీదికే పోయింది. చేతి కింద నిచ్చెన కాలు కర్రుమని అంగుళం జరిగింది.

రబ్బరు కోసం లోపలికి పరిగెత్తాలంటే కాలు వదిలెయ్యాలి. కాలు వదిలితే ఆయన పడతాడు. తేజస్వి రెండు చేతులతో బిగించి పట్టుకుని, పాదం అడ్డం పెట్టింది.

"దిగండి మామయ్యా. మెల్లిగా దిగండి. దీనికి రబ్బరు లేదు. నేనే తీశాను."

నజీరుద్దీన్ ఒక్కో మెట్టూ దిగాడు. ఆయన నేల మీద కాలు పెట్టేదాకా తేజస్వి వదల్లేదు. తర్వాత లోపలికి వెళ్ళి, జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టినా బావుండేది. శేషగిరి మొహం ఎర్రబడింది. ఆయేషా తేజస్వి వంక చూడకుండా గోడ వంక చూస్తూ నిలబడింది.

"ఎందుకు తీశావు?" అన్నాడు నాన్న.

"అందరూ వాళ్ళ నిచ్చెనే అడుగుతున్నారు. నన్నెవరూ పిలవట్లేదు" అంది తేజస్వి. అప్పుడు ఏడుపొచ్చింది.

నజీరుద్దీన్ రబ్బరు తొడిగి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. లాగి చూశాడు. మళ్ళీ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"పట్టుకో మరి. జారిన కాలు వదలకుండా పట్టుకున్నావుగా, దీన్నెందుకు పట్టుకోలేవు?" అన్నాడు.

రావి మొక్క వేరుతో సహా ఊడి వచ్చింది. ఆయన మన్నించాడు గానీ ఆయేషా అంత సులువుగా మన్నించలేదు. "మా అబ్బా పడిపోయుంటే?" అని ఒక్క మాట అని వాళ్ళ నాన్న వెంట వెళ్ళిపోయింది. బడిలో వారమంతా బెంచీకి ఆ కొసన కూర్చుంది.

తర్వాతి ఆదివారం స్టెల్లా టీచర్ మళ్ళీ ఆయేషా వాళ్ళ గేటు తట్టింది. ఈసారి హాల్లో ఫ్యాను తుడవాలట. తేజస్వి చెప్పులు వేసుకుంది. ఎవరూ పిలవకుండానే వెళ్ళి, ఆయేషా ఒక్కతే ఈడ్చుకొస్తున్న నిచ్చెనకి రెండో కొస ఎత్తింది. ఆయేషా వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

టీచర్ హాల్లో నిచ్చెన కత్తెరలా నిలబడింది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అయినా తేజస్వి నేల మీద కూర్చుని, ఒక్కో రబ్బరూ లాగి చూసింది.

"నాలుగూ గట్టిగా ఉన్నాయి, ఎక్కండి టీచర్" అంది.

ఆయేషా తేజస్వి వంక చూసింది. తర్వాత వచ్చి ఎదురు పక్కన నిలబడి నిచ్చెనకి చెయ్యి ఆనించింది.

"ఆ రెండు కాళ్ళూ నువ్వు పట్టుకో" అంది.