ఉతకొద్దు, వేడి చేస్తే చాలు

“ఉతకమని నేను చెప్పానా?”

మొదటిసారే గొడవ. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలను చూసి మొహం మాడ్చుకున్న మనిషిని లాండ్రీ అమ్మాయి అంతకుముందెన్నడూ చూడలేదు.

“లాండ్రీకి బట్టలిచ్చి ఉతకొద్దంటే ఎలాగండీ?”

“చీటీ మీద రాశాను కదా! డ్రైయర్‌లో వేసి ఫుల్ వేడి మీద నలభై నిమిషాలు తిప్పితే చాలు. ఇవి ఉతికినవే.”

“తడే లేనివాటిని ఆరబెట్టడం దేనికి?”

అతను ఏదో చెప్పబోయి, బట్టలివ్వడానికొచ్చి పక్కన నిలబడ్డ ఒక ముసలాయన్ని చూసి తగ్గాడు. “అదో అలవాటులెండి.”

అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా దిగేవాడు. చేతిలో మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచి. దాన్ని కౌంటర్ మీద పెట్టనిచ్చేవాడు కాదు. తనే మెషీన్ దగ్గర ముడి విప్పి, బట్టలు నేరుగా లోపలికి దులిపి, ఖాళీ సంచిని వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చేవాడు. బెంచీ మీద కూర్చునే ముందు ఫోన్ లైటు వేసి దాని మెత్త కుట్లన్నీ వెతికేవాడు. ఆ తర్వాత నలభై నిమిషాలూ ఆమెనే చూసేవాడు. ఆమె తలెత్తితే మెషీన్ని చూసేవాడు.

ఆమె అతనికి ‘వేడిగాలి’ అని పేరు పెట్టింది.

“ఏదో దొంగసొత్తు దాచే బాపతులా ఉన్నాడే,” అంది లాండ్రీ నడిపే పిన్ని. అని ఊరుకోకుండా, “లేదంటే నీ కోసమే,” అని కూడా అంది.

ఆమెకు ఏదీ తేలలేదు. ఒకరోజు జూకాలు బాగున్నాయన్నాడు. పొంగిపోయేలోపే, డ్రైయర్ వేడి తగ్గిందేమో చూడమన్నాడు. ఈ రెంటిలో అసలు మాట ఏదో, కొసరు ఏదో ఆ దేవుడికే తెలియాలి.

నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. ఈ శుక్రవారం మాత్రం తేలిపోవాల్సిందే. పిన్ని ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి మంచివాడు. అదే చిక్కు, వద్దనడానికి వంక దొరకలేదు.

“నీ మనసులో ఎవరైనా ఉంటే ఇవాళ చెప్పు. లేకపోతే రేపు ఫోన్ చేసి సరేననేస్తా,” అంది పిన్ని.

మనసులో ఉన్నాడు. కానీ అతని మనసులో ఉన్నది తనో, డ్రైయరో తెలియకుండా ఏమని చెబుతుంది?

ఐదింటికి అతను వచ్చాడు. పిన్ని వెనక గదిలో ఇస్త్రీ చేస్తోంది, షాపులో ఇంకెవరూ లేరు. ఆమె వెళ్ళి డ్రైయర్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ముందిది చెప్పండి. మీరిక్కడికి ఎందుకొస్తారు?”

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నల్లులండి.”

“ఏంటి?”

“నల్లులు. మంచాల్లో చేరతాయే, అవి.”

ఇక కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అతను లిఫ్ట్ మెకానిక్. వారానికో ఊరు, ఊరికో లాడ్జి. గదిలోకి వెళ్ళగానే బ్యాగు బాత్‌రూమ్‌లో పెట్టి, పరుపు అంచులెత్తి నల్ల మచ్చలున్నాయేమో చూస్తాడు. అంత చేసినా, నల్లులు చచ్చేంత వేడి తగలనిదే ఒక్క గుడ్డ కూడా ఇంట్లోకి రానివ్వడు.

“ఒకసారి నా సూట్‌కేసులోనే వచ్చాయండి. ఆర్నెల్లు అమ్మకి నిద్ర లేదు. చివరికి మంచాలు పారేశాం. నల్లులని చెబితే మీరు గుమ్మం తొక్కనివ్వరని దాచాను.”

ఆమె మొహం వాడిపోయింది. శుక్రవారం వస్తే చాలు, అద్దం ముందు గంటసేపు నిలబడ్డది నల్లుల కోసమన్నమాట! ఏడుపొచ్చింది.

“సరే, ఇటివ్వండి,” అని సంచి లాక్కుని, మొహం తిప్పుకుని ముడి విప్పింది.

లోపల్నుంచి రింగులతో సహా పొడవాటి నీలం కర్టెన్ బయటికి వచ్చింది.

ఆమె కర్టెన్ని చూసింది, అతన్ని చూసింది. బుర్ర పనిచెయ్యలేదు. “ఇది కూడా మీతో లాడ్జికొచ్చిందా?”

ఆమె సంచిలో చెయ్యి పెట్టి మిగతావీ బయటికి లాగింది.

“ఈ దిండు గలీబులు? ఈ కాళ్ళు తుడుచుకునే పట్టా?”

“చొక్కాలు అయిపోయాయండి.”

“అంటే?”

“వేడికి కుంచించుకుపోయాయి.” రెండు చేతులూ చాపాడు. మణికట్టు దగ్గరుండాల్సిన చొక్కా చేతులు మోచేతుల దాకా ఎగబాకి ఉన్నాయి. “ఊళ్ళు తిరిగే డ్యూటీ పోయి రెండు నెలలైంది. ఇప్పుడు ఈ ఊళ్ళోనే పని, ఇంట్లోనే నిద్ర.”

“మరి నల్లులు?”

“ఒక్కటి కూడా లేదు.”

“మరి ఈ రెండు నెలలూ ఎందుకొచ్చారు?”

“మొదటి రెండు నెలలూ వాటికోసమే వచ్చాను, అబద్ధమెందుకు? తర్వాత... ఉతకడానికిస్తే మీరు చీటీ చేతిలో పెట్టి రేపు రమ్మంటారు. దీనికైతే నలభై నిమిషాలు ఇక్కడే కూర్చోవచ్చు.”

ఆమెకు నవ్వాలో, తిట్టాలో తెలియలేదు. నవ్వుతూనే తిట్టింది.

“నేనంటే ఇష్టమని ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? ఇంట్లో కర్టెన్లు పీక్కురావాలా?”

“ఇష్టమండి. చాలా ఇష్టం. మీరు కాదంటారేమోనని భయం.”

వెనక గదిలో ఇస్త్రీ చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. ఆమె అటు తిరిగి గట్టిగా పిలిచింది.

“పిన్నీ! రేపు వాళ్ళకి ఫోన్ చెయ్యక్కర్లేదు. ఒకసారి ఇలా రా.”

అతను కంగారుగా చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. అవి రాలేదు.

“ఎవరికండీ ఫోను? ఏం ఫోను?”

“అదంతా తర్వాత చెబుతాను,” అందామె, అతని మోచెయ్యి పట్టుకుని. “ముందొచ్చి నా పక్కన నిలబడండి.”