పిట్టకిచ్చిన మాట

శ్రావణం ముసురు. మధ్యాహ్నానికే ఇంద్రేశం రోడ్డు మీద బండ్లు లైట్లు వేసుకుని పోతున్నాయి. వాన పడితే మందుల కంపెనీల వాసన నేలకు దిగుతుంది, నాలుక మీద చేదుబిళ్ల కరిగినట్టు. ఆ వాసనలోనే కౌసల్యమ్మ ఆటో దిగి బర్నబా కంప్యూటర్ రిపేరు షాపులోకి వచ్చింది. చేతుల్లో పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక మూట. పచ్చ చున్నీ విప్పితే పాత లాప్‌టాప్.

"నా బిడ్డ అంకితది. లేస్తలేదు," అంది. కుర్చీ తుడిచేదాకా కూర్చోలేదు. "ఏ చీల ఎక్కడ్దక్కడ్నే పెట్టాలె. గీత వడొద్దు."

"చీలలు కాదు పెద్దమ్మా, స్క్రూలు," బర్నబా నవ్వాడు.

"ఏదైతేంది? పోగొడితే నిన్నే అడుగుత."

నిరుడు కంపెనీలో మంటలు లేచిన రోజు అంకిత డ్యూటీలో ఉంది. ఫోనూ ఆమెతోనే కాలిపోయింది. ఇంటర్వ్యూలకని ఈ లాప్‌టాప్ ముందు కూర్చొని మాట్లాడి, రికార్డు చేసి దాచుకునేది. ఆ గొంతు ఒక్కసారి వినాలి. కౌసల్యమ్మకు ఇంకేమీ అక్కర్లేదు.

కానీ ఇచ్చిన మాట ఒకటి ఏడాది అడ్డుపడింది, ఇవాళ దాన్ని దాటి వచ్చింది. మూడోనాడు చెరువు కట్ట మీద పిట్టకు పెడితే, కాకి తుమ్మచెట్టు మీదే కూర్చుంది. విస్తరి ముట్టలేదు. పిల్లకు తీరని కోరికేదో ఉందన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మాట ఇచ్చారు. కాకి కదల్లేదు. చివరికి కౌసల్యమ్మ కొంగు చాపి, "నీ లాప్‌టాప్ ఎవ్వల్ని తెరవనియ్య బిడ్డా, వచ్చి తినిపో," అంది. అప్పుడు దిగింది. తిన్నది.

మిగిలిన మటన్ కూర చుట్టాలు తిన్నారు. మరిది పోచయ్య, "జెర చప్పగుంది వదినా," అన్నాడు. పిట్ట ముట్టకముందు వండినవాళ్లు రుచి చూడరు. ఆ తర్వాత కౌసల్యమ్మకు ముద్ద దిగలేదు. అయినా ఊరంతా మెచ్చే చెయ్యి ఆమెది. ఆ పూట వంక పెట్టినవాడితో ఇప్పటికీ మాటల్లేవు.

బర్నబా చార్జర్ పెట్టాడు. చిన్న లైటు వెలిగింది. బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చార్జర్ పీకి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, లోపల మిగిలిన కరెంటు పోవాలని బటన్ అట్లాగే ఒత్తి పట్టి, మళ్లీ చార్జర్ పెట్టి చూశాడు. లేవలేదు. వెనక స్క్రూ మీది లాప్‌టాప్ కంపెనీ సీలు కోసి మూత విప్పాడు. ర్యామ్ కార్డును రబ్బరుతో రుద్ది పెట్టాడు. లేవలేదు.

ఉన్నట్టుండి అతని చెయ్యి ఆగింది.

"పెద్దమ్మా... హార్డ్ డిస్క్ లేదు."

"అంటే ఏంది?"

"గొంతు దాసిపెట్టేది గదే. జాగ ఖాళీగుంది."

"పోచయ్యే తీసిండు! వాని చేతులు పడిపోను!"

"సీలు ఇప్పుడు నేనే కోసిన గద. ఇంతకుముందు ఎవ్వలు తెరవలే."

కౌసల్యమ్మ చున్నీ అంచు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

"మూసెయ్ కొడుకా."

మూసేందుకు చార్జర్ పీకి లాప్‌టాప్ ఎత్తాడు. ఫ్యాన్ కింది నుంచి ఏదో రాలింది. అన్నం మెతుకులు. ఎర్రగా, కూర కలిపినవి.

"దీని మీద అన్నం తినేదా?"

"ఏడాదాయె బీరువల పెట్టి తాళమేసి..."

బర్నబా వేలితో తాకి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేడి.

షాపంతా మటన్ వాసన. లవంగం, యాలక్కాయ... కౌసల్యమ్మ మసాలా.

అప్పుడే కరెంటు పోయింది. పక్క వెల్డింగ్ షాపు చప్పుడు ఆగింది. వాన ఒక్కటే. బ్యాటరీ బల్ల మీద ఉంది. చార్జర్ తీగ కింద వేలాడుతోంది.

స్క్రీన్ వెలిగింది.

"యేసయ్యా..." బర్నబా గోడకు ఆనుకుపోయాడు.

బొమ్మ లేదు. నీలం వెలుగు. అందులోంచి గొంతు... కౌసల్యమ్మదే. "ఎవ్వల్ని తెరవనియ్య బిడ్డా... వచ్చి తినిపో..."

ఆ రోజు లాప్‌టాప్ కట్ట మీద లేదు. బీరువాలో ఉంది.

రెక్కల చప్పుడు. ముక్కుతో ఆకు గీకిన చప్పుడు. తర్వాత... దగ్గరగా, మెల్లగా...

"ఉప్పు మర్షినవే అమ్మా."

వెలుగు ఆరిపోయింది.

"అంకితా! ఇంకొక్కమాట... ఒక్కటే బిడ్డా..."

స్క్రీన్ నల్లగానే ఉంది. కౌసల్యమ్మ ఒక మెతుకు తీసి నాలుక మీద పెట్టుకుంది.

చప్పగా ఉంది.

"పోచయ్య నిజమే అన్నడు," అంది, ఎవరితోనూ కాదు. "నా బిడ్డకు చప్పిడి కూడు పెట్టిన."

బర్నబా ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టి ఇచ్చాడు. ఆటోలో ఆమె ఒళ్లో లాప్‌టాప్, జ్వరమొచ్చిన పిల్లలా వెచ్చగా ఉంది. చెరువు కట్ట మలుపు దగ్గర చున్నీ కింద ఏదో చప్పుడు మొదలైంది. మెల్లగా... నములుతున్నట్టు. డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆమె తల ఎత్తలేదు. కిరాణా కొట్టు ముందు ఆటో ఆపించి, ఉప్పు పాకెట్ తెచ్చి పంటితో చింపింది. చిటికెడు తీసుకుని చున్నీ అంచు ఎత్తింది.

లోపల నమలడం ఆగింది. ఎదురుచూస్తున్నట్టు.