స్క్రిప్టు కప్పెట్టిన సెల్ నంబరు

"కోడ్?"

"ఉగ్గాని."

"మిరపకాయ బజ్జీ. విను, ఉరుకుందూ. మన ఏజెంట్ ఏసేపు విదేశీ ముఠాకు దొరికాడు. కడపలో ఎక్కడో దాచారు. నీకో లింక్ పంపారు. ఐదింటిలోపు తెరవకపోతే కాల్చేస్తారట."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. 2007 మే నెల. కర్నూలు లాడ్జి గదిలో ఫ్యాను వేడిగాలి కొడుతోంది. టైము నాలుగూ ఇరవై.

ఏజెంట్ ఉరుకుందు లాప్‌టాప్‌లో నలభై మంది ఏజెంట్ల పేర్లున్నాయి. ఆ లింక్ తెరిచే పేజీలో దాచిన చిన్న ప్రోగ్రాము, అదే స్క్రిప్టు, నడిస్తే లిస్టంతా ముఠా చేతికి పోతుంది. ఆ మాత్రం తెలియనివాడు గూఢచారిగా కాదు కదా, గొర్రెలు కాయడానికీ పనికిరాడు. బ్రౌజర్‌లో స్క్రిప్టులు ఆపేసి లింక్ నొక్కాడు.

తెల్ల పేజీ. వీడియో లేదు, బటన్ లేదు.

ఈ కేసులో తోడుగా వచ్చిన ఏజెంట్ హిమబిందు నల్లద్దాలు సర్దుకుని నవ్వింది. "ఆ సున్నంగోడలో ఏం చూస్తాండావు? స్క్రిప్టు ఆన్ చెయ్. ఏసేపు కనపడతాడు."

"చేస్తే నలభై మంది పోతారు."

"చేయకుంటే ఏసేపు పోతాడు. పెండ్లాం కడుపుతో ఉండాది, తెల్దా?"

తెలుసు. ఆమెకు సీమంతం గాజులు కొనిచ్చింది ఉరుకుందే. స్క్రిప్టుల్లేని బ్రౌజర్ మీద మొదటిసారి అసహ్యం పుట్టింది. ప్రాణం కాపాడుతుంది సరే, కళ్లు పొడిచేస్తుంది.

పేజీని కిందికి జరిపాడు. అడుగున చిన్న అక్షరాలు: సైటు చేసినవారు ఈరప్ప గ్రాఫిక్స్, కడప. పక్కనే సెల్ నంబరు.

సీమలో షాపు బోర్డు రాసినా, కటౌట్ కట్టినా, అడుగున పేరు వేసుకోనిదే చేసినవాడికి అన్నం సహించదు. దేశాన్ని కూలుస్తామని వచ్చిన ముఠా చౌకగా పని చేయించుకుంది. థూ, వీళ్లూ ఒక ముఠా!

ఉరుకుందు డయల్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. "ఏమప్పా ఈరప్పా, నీ సైటు చూసినా. శానా బాగుండాది. నాకూ ఒకటి కావల్ల."

"నా నంబరు కనపడిందా అన్నా!" ఈరప్ప పొంగిపోయాడు. "ఆ హిమబిందు మేడమ్ తీసేయమనింది. చేసినోని పేరు లేకుంటే ఎట్ల? తీయలా. స్క్రిప్టు నడిచినంతసేపు కనపడకుండా పైన తెల్లపట్టీ కప్పెట్టినా."

"సైటులో వీడియో వచ్చే కెమెరా యాడ పెట్టినావు?"

"పులివెందుల దావలో, మూతబడిన నాపరాళ్ల ఫ్యాక్టరీలో. వైరు లాగింది నేనే."

హిమబిందు చేయి లిప్‌స్టిక్ పిస్టల్ మీదికి పోయింది. ఉరుకుందు స్టీలు చెంబుతో ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ మంచం కిందికి దొర్లింది. ఆమెకు బేడీలు వేసి, చీఫ్‌కు ఫోన్ చేసి ఫ్యాక్టరీ సంగతి చెప్పాడు.

నాలుగూ యాభై తొమ్మిదికి కడప కమాండోలు ఫ్యాక్టరీ తలుపు బద్దలుకొట్టారు. ఏసేపు ప్రాణాలతో దొరికాడు.

"నిన్ను చూడాలంటున్నాడు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "బస్సు టికెట్ నెట్‌లో తీసుకుని కడప పో."

ఉరుకుందు ట్రావెల్స్ సైటు తెరిచాడు. ఎంత నొక్కినా బటన్ కదల్లేదు.

"స్క్రిప్టు ఆన్ చెయ్యప్పా," అంది బేడీల్లో ఉన్న హిమబిందు.

ఉరుకుందు ఆమెను పోలీసులకు అప్పగించి, బస్టాండుకు నడిచి, కడప దాకా నిలబడే పోయాడు.